బండి కబుర్లు: ఓవర్‌డ్రైవ్ – పేరులోనే ఉంది ‘ఓవర్’

పోయిన నెల సంచిక మీ ఇళ్ళకు చేరిన వారం లోపలే దమ్మామ్ నుంచి ఒక సోదరి మాకు ఫోను చేశారు. వాళ్ళాయన ఈమధ్య సెకండ్‌హ్యాండులో ఒక పెద్ద బండి కొన్నారట. ఆవిడ పిల్లల్ని బడిలో దింపి వస్తూంటే డాష్‌బోర్డు మీద పసుపుపచ్చగా ‘ఓ/డి ఆఫ్’ అని దీపం వెలిగిందట. భయపడి సనయ్యాలో ఒక వర్క్‌షాపుకు తీసుకెళ్తే, గేరుబాక్సు దింపి చూడాలి, పదిహేను వందల రియాళ్ళవుతుంది అన్నారట. “దింపించమంటారా?” అని ఆవిడ ప్రశ్న.

“అమ్మా, గేరు కర్ర పక్కన చిన్న బొత్తాం ఒకటి ఉంటుంది. దాన్ని ఒక్కసారి నొక్కి చూడండి” అన్నాం. నొక్కారు. దీపం ఆరిపోయింది. వెనక సీటు పిల్లలెవరో ముందుకు వంగి ఆడుకుంటూ నొక్కి ఉంటారు, అంతే. ఆవిడ సంతోషానికి హద్దు లేదు. మిగిలిన పదిహేను వందల్లో కొంత మన సంఘం చందాకింద జమ కట్టమని గుర్తుచెయ్యడం మేము మరచిపోలేదు.

ఆ తర్వాత కనిపించిన వాళ్ళనల్లా ఓవర్‌డ్రైవ్ అంటే ఏమిటని అడుగుతూ వచ్చాం. ఒక డాక్టరుగారు “బండికి అదనపు బలం” అన్నారు. ఒక ఇంజనీరుగారు “ఓవర్‌టేక్ చెయ్యడానికి” అన్నారు. మూడో ఆయన “అది కంపెనీవాడు పెట్టింది, మనం ముట్టుకోకూడదు” అన్నారు. ముగ్గురూ బాగా చదువుకున్నవాళ్ళే. వాళ్ళని చూసి నవ్వే అర్హత మాకు లేదు. కొన్నేళ్ళ కిందట మాకూ ఇంతే తెలుసు. ఆ తెలియనితనంతో పిల్లాపాపల్ని వేసుకుని ఒక కొండ దిగాం. ఆ కథ చివర చెప్తాం. ముందు సంగతేమిటో చూద్దాం.

చిన్నప్పటి సైకిల్ గుర్తుచేసుకోండి. పెడల్ దగ్గరి పళ్ళచక్రం పెద్దది, వెనక చక్రం దగ్గరిది చిన్నది. ముందు 44 పళ్ళు, వెనక 18 పళ్ళు ఉన్నాయనుకోండి. కాలు ఒక్క చుట్టు తిప్పితే వెనక చక్రం రెండు చుట్లు దాటి ఇంకో అరచుట్టుకు దగ్గరగా తిరుగుతుంది. అంటే మన ఊరి సైకిల్‌ది పుట్టుకతోనే ఓవర్‌డ్రైవ్. చదును రోడ్డు మీద హాయి. కాలువగట్టు ఎక్కాలంటే? దిగి తోసుకుంటూ పోవలసిందే. ఎందుకంటే వేగం ఎక్కువ ఇచ్చే అమరిక బలం తక్కువ ఇస్తుంది. రెండూ కలిపి ఇచ్చే గేరును ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు, కనిపెట్టలేరు కూడా.

మోటారు బండిలో దీనికి తలకిందులు. మొదటి గేరులో ఇంజను మూడు చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. వేగం తక్కువ, బలం ఎక్కువ. పై గేరుకు పోయేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది. మనలో చాలామంది డ్రైవింగు నేర్చుకున్న అంబాసిడర్‌లో నాలుగోదే ఆఖరి గేరు. అందులో ఇంజను ఒక చుట్టు, షాఫ్టు ఒక చుట్టు. దీన్ని డైరెక్టు గేరంటారు. ఓవర్‌డ్రైవ్ అంటే ఆ సరిహద్దు కూడా దాటడం. షాఫ్టు ఇంజనుకంటే ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ‘ఓవర్’ అన్నది ఆ దాటడానికే గాని బలానికీ కాదు, తొందరకీ కాదు.

జనరల్ మోటార్స్ వారి 700-ఆర్4 అనే పాతకాలపు నాలుగు గేర్ల ఆటోమేటిక్‌నే తీసుకోండి. పెద్ద పెద్ద పికప్పుల్లో, వ్యాన్లలో వచ్చింది. దాని అంకెలు వరసగా 3.06, 1.63, 1.00, 0.70. ఆఖరిది ఒకటికంటే తక్కువ ఉంది చూశారా, అదే ఓవర్‌డ్రైవ్. ఇంజను ఒక చుట్టు తిరిగితే షాఫ్టు 1.43 చుట్లు తిరుగుతుందన్నమాట.

లోపల ఇది ఎలా జరుగుతుందో చూస్తే ముచ్చటేస్తుంది. మధ్యలో ఒక పళ్ళచక్రం, దాన్ని సూర్యుడంటారు. చుట్టూ మూడో నాలుగో గ్రహాలు. వాటన్నిటికీ బయట, లోపలివైపు పళ్ళున్న పెద్ద కడియం. సూర్యుణ్ణి కదలకుండా ఒక పట్టీతో పట్టుకుని, గ్రహాల్ని మోసే చట్రాన్ని ఇంజను తిప్పితే, బయటి కడియం ఇంజనుకంటే వేగంగా తిరుగుతుంది. సూర్యుడికి 30 పళ్ళు, కడియానికి 70 పళ్ళు ఉంటే సరిగ్గా ఆ 0.70 వస్తుంది. ఆటోమేటిక్ బండి చేసేదల్లా, నూనె ఒత్తిడితో ఎప్పుడు ఎవర్ని పట్టుకోవాలో ఎవర్ని వదలాలో చూసుకోవడమే.

దీనివల్ల లాభమెంత? మాట వరసకి, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో డైరెక్టు గేరులో ఇంజను నిమిషానికి 2500 చుట్లు తిరిగే బండి ఉందనుకోండి. అదే వేగంలో ఓవర్‌డ్రైవ్ వేస్తే 1750 చాలు. నిమిషానికి 750 చుట్లు ఆదా. రియాద్ నుంచి అబహాకు సుమారు వెయ్యి కిలోమీటర్లు, అంటే పది గంటలు. మొత్తం మీద నాలుగున్నర లక్షల చుట్లు మిగిలాయి. ఆ మేరకు పెట్రోలూ, అరుగుదలా, చెవుల్లో హోరూ తగ్గుతాయి.

ఇందులో మనమున్న దేశానికి సంబంధించిన తమాషా ఒకటుంది. ఓవర్‌డ్రైవ్ కొత్తదేమీ కాదు, 1930లలోనే అమెరికా కార్లలో ఉంది. తర్వాత పెట్రోలు చవకగా దొరికిన రోజుల్లో అక్కడివాళ్ళు దాన్ని పట్టించుకోవడం మానేశారు. 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. పీపా మూడు డాలర్లున్న ముడిచమురు 1974 వచ్చేసరికి పన్నెండుకు దగ్గరైంది. అమెరికా ప్రభుత్వం 1974లో రోడ్లమీద వేగాన్ని గంటకు 55 మైళ్ళకు కట్టడి చేసింది. 1975లో చట్టం చేసి, కార్ల సగటు మైలేజీ పెంచి తీరాలని కంపెనీల్ని నిలదీసింది. అప్పుడు అందరికీ ఓవర్‌డ్రైవ్ గుర్తొచ్చింది. నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లో దాన్ని పెట్టి ఫోర్డు 1980 మోడళ్ళతో, జనరల్ మోటార్స్ 1981 మోడళ్ళతో ముందుకొచ్చాయి.

అంటే ఇక్కడ కుళాయి కట్టేస్తే అక్కడ పుట్టిన పొదుపు, ఓడలెక్కి మళ్ళీ ఇక్కడికే వచ్చింది. వచ్చినా, నీళ్ళకన్నా పెట్రోలు చవకైన ఊళ్ళో దాన్ని పట్టించుకున్న వాడెవడు? 2015 డిసెంబరు దాకా 91 రకం లీటరు 45 హలాలలే. 2018 జనవరిలో 1 రియాలు 37 హలాలలైంది. 2021 జూలైలో 2 రియాళ్ళ 18 హలాలల దగ్గర కట్టు వేశారు. ఇప్పుడు మనమూ బొత్తాం వైపు చూస్తున్నాం.

ఇక అసలు సంగతి. ఓవర్‌డ్రైవ్ ఎప్పుడు ఉండాలి, ఎప్పుడు తీసెయ్యాలి? పుస్తకం చెప్పినట్టు చెప్పడంకన్నా మా అబహా ప్రయాణం చెప్తే మీకు గుర్తుంటుంది.

ఈద్ సెలవులు. ఏడు సీట్ల పెద్ద బండి. మా ఇంటిల్లిపాదీ, మిత్రుల కుటుంబం ఒకటీ. పైన క్యారియర్ మీద పెట్టెలు, వంటసామాను, బియ్యం మూట కూడా. రియాద్‌లో తెల్లవారుజామున బయల్దేరి ఖర్జ్, లైలా, వాది అద్దవాసిర్ దాటాం. గీత గీసినట్టు రోడ్డు. ఈ దేశంలో హరద్ నుంచి బత్హా వైపు పోయే రోడ్డయితే సుమారు 240 కిలోమీటర్లు వంపన్నదే లేకుండా పోతుంది. ఓవర్‌డ్రైవ్ పుట్టింది ఇలాంటి రోడ్ల కోసమే. ఇంజను నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుంది. అంతవరకూ మాదేమీ తప్పు లేదు.

తర్వాత ఎక్కుడు మొదలైంది. రియాద్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంటే, అబహా సుమారు 2200 మీటర్లు. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి, టర్బో లేని ఇంజను అబహా చేరేసరికి అయిదో వంతు బలం పోగొట్టుకుంటుంది. దానికి తోడు ఓవర్‌డ్రైవ్‌లో చక్రాలకు అందేది డైరెక్టు గేరులో అందేదానిలో నూటికి డెబ్బై వంతులే. బండి నాలుగులోంచి మూడుకు పడేది. కాస్త పుంజుకోగానే మళ్ళీ నాలుగుకు పోయేది, అర నిమిషంలో మళ్ళీ మూడుకు. ఈ ఊగిసలాట గంటసేపు సాగింది. “ఆటోమేటిక్ కదా, అదే చూసుకుంటుంది” అనుకున్నాం.

అది చూసుకోదు. దానికి ఎదురుగా కొండ ఉందని తెలియదు, కాలికింద యాక్సిలరేటరు ఎంత నొక్కామన్నదే తెలుస్తుంది. ఆటోమేటిక్‌లో ఇంజనుకూ గేర్లకూ మధ్య నూనె ఉంటుంది. రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే ఆ గాలికి రెండోది తిరిగినట్టు, ఇక్కడ నూనె తోపుకు తిరుగుతుంది. నిలకడగా పోతున్నప్పుడు రెంటినీ కలిపి బిగించే క్లచ్చి ఒకటుంది. ఊగిసలాట మొదలైతే అది విడిపోతూ బిగుస్తూ ఉంటుంది. విడిపోయినప్పుడల్లా నూనె చిలకబడి కాగుతుంది. గేరు మారినప్పుడల్లా లోపలి పట్టీలు కాస్త జారి అరుగుతాయి. ఆ నూనె 80 డిగ్రీల దగ్గర ఉంటే ఏళ్ళ తరబడి బతుకుతుంది. ఆపైన ప్రతి పది పదకొండు డిగ్రీలకూ దాని ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కుల మోటు లెక్క. బయటి గాలే 45 డిగ్రీలున్న దేశంలో దాన్ని చల్లార్చేది ఎవరు? అందుకే ఎక్కుడులో, బరువు లాగుతున్నప్పుడు, బండి ఊగిసలాడుతోందని చెవికి తెలియగానే బొత్తాం నొక్కి ఓవర్‌డ్రైవ్ తీసెయ్యాలి. ఇంజను కాస్త అరుస్తుంది. అరవనివ్వండి. అది కష్టపడుతున్న చప్పుడే గాని బాధపడుతున్న చప్పుడు కాదు.

మా బండి ఎలాగో అబహా చేరింది. రెండు రోజులు మబ్బుల్లో తిరిగాం, పిల్లలు కొండముచ్చుల్లాంటి బబూన్లను చూసి కేరింతలు కొట్టారు. మూడో రోజు జీజాన్ వైపు ఉన్న మిత్రుల ఇంటికి ప్రయాణమయ్యాం. అబహా నుంచి కింద దర్బ్ దాకా దించే దారి పేరు అకబత్ దిలా. సొరంగాలు, వంతెనలు, కళ్ళు తిరిగే మలుపులు. కొద్ది దూరంలోనే రెండు వేల మీటర్లు కిందికి దిగిపోతాం.

కర్ర డి లో ఉంది, ఓవర్‌డ్రైవ్ వేసే ఉంది, కాలు బ్రేకు మీద ఉంది. సగం దారిలో ముందు సీట్లో ఉన్న మా శ్రీమతి “ఏదో మాడిన వాసన వస్తోందండీ” అన్నారు. “బయటి నుంచి” అన్నాం. ఇంకో రెండు మలుపులు. బ్రేకు పెడల్ మెత్తబడింది. ఇంకో మలుపు. కాలు దాదాపు నేలకంటింది, బండి మాత్రం అనుకున్నంత తగ్గలేదు. ఎదురుగా లోయ. వెనక పిల్లలు అంత్యాక్షరి పాడుకుంటున్నారు. ఆ పాట ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. దేవుడి దయవల్ల పక్కన బండ్లు ఆపుకునే జాగా కనిపించింది. హ్యాండ్‌బ్రేకు లాగి, కర్ర దించి, ఎలాగో ఆపాం. ముందు చక్రాల్లోంచి పొగ.

తాగే నీళ్ళ డబ్బా తీసి చక్రాల మీద పొయ్యబోతుంటే, వెనకనుంచి అచ్చ తెలుగులో ఒక కేక.

“సారూ! నీళ్ళు పొయ్యకుర్రి! డిస్కులు పగుల్తయి!”

కూరగాయల బుట్టలు వేసుకున్న చిన్న పికప్పు, దాని పక్కన ఒకాయన. జగిత్యాల వైపు మనిషి. ఒక సౌదీ ఇంట్లో డ్రైవరు, వారానికి రెండుసార్లు ఈ దారి ఎక్కి దిగుతాడట. బండి చుట్టూ ఒకసారి తిరిగి, లోపలికి తొంగిచూశాడు.

“ఓవర్‌డ్రైవ్ బంద్ జెయ్యలేదా సారూ?”

“లేదు.”

“గింత మందిని ఏస్కొని గట్లనే దిగుతున్రా? పిల్లలున్నరు సారూ.”

ఇంజనీరింగు పట్టా పుచ్చుకుని పాతికేళ్ళు దాటిన మా దగ్గర ఆ మాటకు జవాబు లేదు.

అరగంట ఆగమన్నాడు. ఆ అరగంటలో మాకు చెప్పింది ఇది: “బండిని ఇంజన్‌తోని పట్టుకోవాలె సారూ. బ్రేకును ఎన్కకు దాచుకోవాలె.” మన ఘాట్‌రోడ్ల లారీ డ్రైవర్లు, ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు అంటారే, అదే మాట.

దాని వెనక లెక్క ఇంటికొచ్చాక వేసుకున్నాం. మూడు టన్నుల బండి రెండు వేల మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి, 200 లీటర్ల నీళ్ళను మరిగించేంత. పెద్ద డ్రమ్ము నిండా సలసల కాగే నీళ్ళు. గాలీ రోడ్డూ అందులో కొంత తీసుకుంటాయి. మిగిలిన వేడంతా ఎక్కడికో అక్కడికి పోవాలి కదా. కింది గేరులో ఉంటే చక్రాలే ఇంజనును బలవంతాన గిరగిరా తిప్పాల్సి వస్తుంది. యాక్సిలరేటరు వదిలేసిన పెట్రోలు ఇంజను గాలి కోసం పెనుగులాడుతూ బండిని వెనక్కి పట్టుకుంటుంది, వేడి రేడియేటరు మీదుగా పోతుంది. ఓవర్‌డ్రైవ్‌లోనా, ఇంజను తాపీగా తిరుగుతూ దాదాపు ఏమీ పట్టుకోదు. భారమంతా నాలుగు చక్రాల బ్రేకుల మీదే. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకునే రకం. డాట్-3 రకం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు. ఆవిరిని ఎంత నొక్కినా నొక్కుకుపోతుందే గాని చక్రాన్ని పట్టదు. మా కాలికింద పెడల్ మెత్తబడిందంటే అర్థం అదే.

వేడి తగ్గాక పెడల్ గట్టిపడింది. ఆయన తన పికప్పును ముందు పెట్టి, “నా ఎన్కనే రార్రి” అన్నాడు. ఓవర్‌డ్రైవ్ తీసేసి, కర్ర 2 లో పెట్టి దిగాం. బ్రేకు మీద కాలు అప్పుడప్పుడూ పడిందంతే. కింద డబ్బివ్వబోతే పుచ్చుకోలేదు. మా ఇంట్లో చేసిన జంతికలు మాత్రం ఒక పొట్లం తీసుకుని, చాలా రోజులైంది సారూ తిని, అన్నాడు.

ఇప్పుడు వచ్చే బండ్లలో ఆ బొత్తాం ఉండకపోవచ్చు. ఆరు గేర్లవాటిలో పైవి రెండూ, ఫోర్డు వారి పది గేర్లదానిలో పైవి మూడూ ఓవర్‌డ్రైవ్‌లే. పేరు పోయింది గాని మనిషి అక్కడే ఉన్నాడు. బొత్తానికి బదులు ‘టో/హాల్’ అనో, కర్ర దగ్గర ఎమ్ అనో ఎస్ అనో ఎల్ అనో ఉంటుంది. మీ బండి పుస్తకం తీసి ఒక్కసారి చూసుకోండి.

ఈ కింది అయిదు మాటలూ కత్తిరించి గ్లవ్‌బాక్సులో పెట్టుకుంటే మాకు తృప్తి. 2018 జూన్ 24 నుంచి మన ఆడపడుచులూ ఇక్కడ స్టీరింగు పట్టారు గనక రెండు ప్రతులు తీసుకోండి.

1. ‘ఓ/డి ఆఫ్’ దీపం నిలకడగా వెలిగితే జబ్బు కాదు, ఓవర్‌డ్రైవ్ తీసి ఉందని అర్థం. చాలా బండ్లలో అదే దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే మాత్రం గేరుబాక్సులో ఏదో లోపం, చూపించండి.

2. చదును రోడ్డు, నిలకడైన వేగం: ఓవర్‌డ్రైవ్ ఉండాలి. ఎక్కుడు, ట్రెయిలరు, నిండు బరువు, గేర్ల ఊగిసలాట: తీసెయ్యాలి.

3. దిగుడులో వేగం ముందే తగ్గించుకుని, దిగుడు మొదలవకముందే తీసెయ్యాలి. నిటారు దిగుడైతే అది ఒక్కటే చాలదు, కర్ర 3 కో 2 కో దించాలి. చాలా పాత ఆటోమేటిక్‌లు డి లో ఉన్నంతసేపూ కింది గేర్లలో ఇంజనుతో పట్టవు.

4. పెట్రోలు ఆదా అని దిగుడులో న్యూట్రల్ వేసే అలవాటు మనవాళ్ళు కొందరు ఇంటినుంచి మోసుకొచ్చారు. దాన్ని విమానాశ్రయంలోనే వదిలెయ్యండి. ఇంజను ఆపడం అంతకన్నా ప్రమాదం, బ్రేకుకూ స్టీరింగుకూ ఉన్న సాయం పోతుంది.

5. బ్రేకు నూనె రెండేళ్ళకోసారి మార్పించండి. కొండకు పోయేముందు గేరు నూనె రంగు చూడండి. ఎర్రగా ఉండాలి, నల్లగా మాడు వాసన వస్తే ప్రయాణం వాయిదా.

చివరగా ఒక మాట. ఆ రోజు హడావుడిలో మేము ఆయన ఫోను నెంబరు అడగలేదు. మన సంఘం సభ్యుల జాబితా తిరగేస్తే ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు, ప్రొఫెసర్లున్నారు. ఈ దేశం రోడ్లన్నీ అరచేతి గీతల్లా తెలిసిన మన తెలుగు డ్రైవర్లు ఒక్కరూ లేరు. వచ్చే వనభోజనాలకు అలాంటివారిని ఇద్దరు ముగ్గురిని పిలిచి, భోజనాలయ్యాక చెట్టు నీడలో మన బండ్ల దగ్గర ఒక గంట నిలబెట్టి చెప్పించుకుంటే ఎలా ఉంటుందని కార్యవర్గానికి రాశాం. పిలవడం మన మర్యాద, నేర్చుకోవడం మన అవసరం.

వచ్చే నెల: ఫహస్‌కు పోయేముందు ఇంట్లోనే చూసుకోదగిన పది సంగతులు. అందాకా క్షేమంగా నడపండి, సెలవు.